ఉమ్మడి పత్రములును గ్రంథపరిష్కరణమును

ప్రాచీనగ్రంథమును బరిష్కరించుట యొక్కని చేతిమీఁద సాగు పని కాదు. ప్రతులు పలుతావుల నుండును. వానిని జదువఁగలవారును బలుతావుల నుందురు. ఛందస్సునం దాఱితేఱినవా రొకరు, వ్యాకరణమున నిపుణు లొకరు, తాళపత్రములందలి లిపిభేదముల నానవాలు పట్టఁగలవారు వేఱొకరు. వీరందఱును నెలలతరబడి యొక్కచోటఁ గూడియుండుట మిక్కిలి వ్యయసాధ్యము. ఇప్పుడు కాకినాడలో నొకరు, హైదరాబాదులో నొకరు, చెన్నపట్టణమున నొకరు, అమెరికాలో నొకరు నుండియు, నొక్క పత్రముమీఁద నొక్క క్షణముననే వ్రాయుటకు వలయు సాధనము విద్యార్థులకు సైతము సుపరిచితమై యున్నది. కచేరీలలోను, పత్రికా కార్యాలయములలోను దీని వాడుక సామాన్యము. ఉత్తరప్రత్యుత్తరములకును లెక్కలకును జాలిన యీ సాధనము పాఠనిర్ణయమునకును యథాతథముగాఁ జాలునని తలఁచువారు కలరు. నే నంగీకరింపను. ఇది వ్రాఁతల సంఘర్షణమును బాపును గాని యభిప్రాయముల సంఘర్షణమును బాపఁజాలదు. పైఁగాఁ బాపినట్లు కనఁబడును. ఆ కనఁబడుటయే పరిష్కర్తకుఁ బ్రమాదహేతువు. అయినను దీనిని విడిచిపెట్టుటకంటెఁ దగిన కట్టుబాటులతో వాడుకొనుటయే మేలని నా యభిప్రాయము. ఆ కట్టుబాటు లెట్టివో తెలియుటకు ముందుగా నీ పత్రముల స్వరూపమును దెలియవలెను.

సామాన్యముగా మనము కంప్యూటరులో వ్రాసినది మన కంప్యూటరులోనే యుండును. దానిని మిత్రునకుఁ బంపినచో నతఁడు దిద్దినది రెండవ ప్రతి యగును. అతఁడు మఱియొకరికిఁ బంపఁగా నది మూఁడవ ప్రతి. పదిదినములలో నొక్క గ్రంథమునకే నాలుగైదు శాఖలు పుట్టును. తాళపత్రముల కాలమున నూఱేండ్లకుఁ గలిగిన పాఠభేదములు వారము తిరుగకయే కలుగును. ఉమ్మడి పత్రము దీనికిఁ బ్రతిక్రియ. ఇందుఁ బత్ర మొక్కటే. అది గూగులువంటి సంస్థల సర్వరులలో నుండును. మన యెదుటఁ గనఁబడునది దాని ప్రతిబింబము. ఈ యేర్పాటునే క్లౌడు అందురు. ఆ యాంగ్లపదమునకు మేఘమని యర్థమైనను ఇది యాకాశమున నుండునది కాదు. విద్యుచ్ఛక్తిని విశేషముగా వినియోగించు పెద్ద భవనములలో, నేలమీఁదనే, యితరుల యధీనమున నుండునది. కాళిదాసుని మేఘమువలె సందేశమును మాత్రము మోయును. ఈ పరాధీనత్వమును గూర్చి ముందు చెప్పెదను.

పలువురు కూడి పాఠమును బరిశీలించుట మనకుఁ గ్రొత్త గాదు. 1820లోఁ గడపకు వచ్చిన సి. పి. బ్రౌను, తరువాతఁ దన బంగళాలోఁ బండితులను జేర్చి, వారికి జీతము లొసఁగి, కావ్యములకుఁ బలు ప్రతులు దెప్పించి, పాఠములను సరిపోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య యా పండితులలో ముఖ్యుఁడు. 1911లో జయంతి రామయ్యపంతులుగారి పూనికతో నేర్పడిన యాంధ్రసాహిత్యపరిషత్తు శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువును బలువురు పండితులచేఁ గూర్పించెను; దాని తొలి సంపుటము 1936లో వెలువడినది. ఇట్టి పనులలోఁ బండితు లొక్క కప్పుక్రింద నుండుటవలన, సందేహము కలిగినచోఁ బ్రక్కవారి నడిగి తీర్చుకొనుటకు వీలుండెను.

దూరస్థులైన పండితులచేతఁ గలసి పనిచేయించిన విధానమునకుఁ బుణ్యపట్టణమునందలి భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థవారి మహాభారత సంశోధితప్రతి చక్కని నిదర్శనము. 1919లోఁ బ్రారంభమైన యా కార్యమునకు 1925లో వి. ఎస్. సుక్థంకరు ప్రధానసంపాదకుఁ డయ్యెను. ఆయన సంపాదించిన యాదిపర్వము 1933లోఁ బూర్తి యయ్యెను; మొత్తము గ్రంథము 1966లో ముగిసెను. ప్రతుల నన్నింటిని బూనాకుఁ దెప్పించుట సాధ్యము గానందున శాంతినికేతనమున నొకటియుఁ దంజావూరున నొకటియుఁ బాఠసంకలనకేంద్రము లేర్పఱుపఁబడెను. మూఁడుచోట్ల జరుగు పని యొక్క తీరుననే యుండుటకై వారు ప్రత్యేకముగా గళ్లు గీసిన పత్రములను వాడిరి. ప్రచారములోనున్న పాఠమును బైవరుసలో గడి కొక యక్షరము చొప్పున వ్రాయుదురు. దానిక్రింద నొక్కొక్క వరుస నొక్కొక్క ప్రతికి నొసంగి, యా ప్రతిలో భేదించిన యక్షరమును మాత్రమే దాని గడిలో నెక్కింతురు. ఇందలి గుణ మొక్కటి గమనింపఁదగినది. ఒక ప్రతి చెప్పినదానిపై మఱియొక ప్రతి చెప్పినది పడదు. తంజావూరి లేఖకుఁడు శాంతినికేతనపు లేఖకుని దిద్దఁడు. ఇరువురు నెవరికిఁ గనఁబడినదానిని వారు వ్రాసియుంతురు. నిర్ణయ మటుపిమ్మట జరుగును. సాక్ష్యసేకరణము వేఱు, తీర్పు వేఱు. ఈ భేదమును మనసున నుంచుకొని క్రొత్త సాధనమును జూతము.

1968 డిసెంబరు 9వ తేదీన డగ్లసు ఎంగెల్బర్టు శాన్‌ఫ్రాన్సిస్కోలో నొక సభయెదుటఁ గూర్చుండి, సుమారు 30 మైళ్ల దూరమున మెన్లోపార్కులో నున్న సహచరునితోఁ గలసి, యొక్క తెరమీఁది వ్రాఁతనే యిరువురు చూచుచుఁ బనిచేయవచ్చునని నిరూపించెను. అది సామాన్యులకు లభించుట కించుమించుగా నలువదేండ్లు పట్టెను. 2005లో రైట్లీ యను పేరఁ బుట్టిన సాధనమును 2006లో గూగులు కొనెను. నేఁటి గూగులు డాక్సు దానినుండి వచ్చినదే. 2008లో ఈథరుప్యాడు వెలువడి, వ్రాయువారి కొక్కొక్కరి కొక్కొక్క రంగు నొసఁగెను.

ఇద్దఱొక్క మాటనే యొక్క క్షణమునఁ దాఁకినచో నేమగు నను ప్రశ్నయే యీ సాధనమునకు మూలమైన చిక్కు. 'నగరము' అను మాటను గైకొందము. యంత్రము దీనిని న, గ, ర, మ, ఉకారపుఁ గొమ్ము అని యైదంశములుగా లెక్కించును. ఒక పండితుఁడు మొదట 'మహా' అని చేర్చెను. అదే క్షణమున వేఱొకరు సప్తమ్యర్థమునఁ జివర నకారమును జేర్చిరి. 'ఐదవ యంశము తరువాత న యుంచుము' అని రెండవవారి యాజ్ఞ సర్వరునకుఁ బోవును. అప్పటికే మొదటివారి మూఁడంశములు, అనఁగా మ, హ, దీర్ఘము, ముందు చేరినందున ఐదవ యంశ మిప్పుడు గకార మైనది. యంత్ర మాజ్ఞను యథాతథముగాఁ జెల్లించినచో 'మహానగనరము' అను నపశబ్దము పుట్టును. అట్లు గాకుండ నాజ్ఞలోని యైదును ఎనిమిదిగా సవరించి చెల్లింపఁగా 'మహానగరమున' అను సరియైన రూపము సిద్ధించును. ఈ యుపాయమును ఎల్లిసు, గిబ్సు అను నిరువురు 1989లోఁ బ్రకటించిరి. దీనిని మనము క్రియాపరివర్తన మనవచ్చును. ప్రతి యంశమునకును మాఱని పేరొక్కటి పెట్టి, స్థానసంఖ్యతోఁ బనిలేకుండఁ జేయు మఱియొక మార్గమును గలదు. మార్గ మేదైనను ఫల మొక్కటే: అందఱి తెరలమీఁదను జివరకు నొక్క పాఠమే నిలుచును.

అందఱికి నొక్క పాఠమే కనఁబడుట సరియైన పాఠము కనఁబడుట కాదు. చెదలు తిన్న తావున మూఁడక్షరములు లోపించిన పద్య మొకటి కలదనుకొందము. ఒకరు 'వలపు' అనియు, నొకరు 'తలఁపు' అనియు నొక్కమాఱే పూరించిరి. రెండును మూఁడేసి లఘువులే. అది యతిస్థానమును గాదు, ప్రాసస్థానమును గాదు. కాఁబట్టి ఛందస్సు తీర్పు చెప్పదు. యంత్ర మిరువురి యాజ్ఞలను జెల్లించి 'వలపుతలఁపు' అని నిలుపును. ఇది యంత్రదృష్టికి నిర్దుష్టము. ఎవరి యక్షరమును బోలేదు. గణభంగమైనందున మనకు వెంటనే తెలియును గాన దీనివలన హాని తక్కువ. అసలైన హాని రెండవ తీరున వచ్చును. ఉదయమున నొకరు 'వలపు' అని వ్రాసి పోయిరి. సాయంకాలమున మఱొకరు దానిని దుడిచి 'తలఁపు' అని వ్రాసిరి. ఇచ్చట యంత్రమునకు సంఘర్షణమే కనఁబడదు. పద్యము నడచును, అర్థమును గుదురును. మఱునాఁడు చూచువానికి నది మొదటినుండియు నట్లే యున్నట్లు తోఁచును. తాళపత్రముపై దిద్దినచోఁ గొట్టివేఁతయో, గీఁతయో, సిరాభేదమో కనఁబడును. ఇచ్చటఁ దెల్లని కాగితముమీఁద నల్లని యక్షరములే.

దీనికిఁ బ్రత్యుత్తరముగాఁ బత్రచరిత్రము కలదుగదా యందురు. కలదు, అది గొప్ప సౌకర్యమే. ఎవరు, ఏనాఁడు, ఏ గంటకు, ఏ మాటను మార్చిరో యది చూపును. మన పూర్వపరిష్కర్తలలోఁ బలువురు పాఠమును దిద్ది దిద్దినట్లు చెప్పకుండఁ బ్రకటించిరి. వారి కాలమున నిట్టి చరిత్ర యుండినచో నెన్ని పద్యములకు మూలరూపము దొరకెడిదో! కాని 'ఏల' యను ప్రశ్నకుఁ బత్రచరిత్రము బదులు చెప్పదు. 'తలఁపు' అని మార్చినవారికిఁ బ్రతియాధారము కలదా, లేక యూహయా? ప్రతియే యైనచో నేది? పాఠభేదపట్టిక ప్రతుల సాక్ష్యము. పత్రచరిత్రము వ్యక్తుల సాక్ష్యము. రెండవది మొదటిదానికి బదులు గాదు. మఱియు నీ చరిత్రము నమ్మికగాఁ జిరకాలము నిలుచునదియుఁ గాదు. గూగులువారు స్థలము కలిసివచ్చుటకై వెనుకటి రూపములను గొన్నింటి నప్పుడప్పుడు కలిపివేయుదురు. పత్రమునకు నకలు తీసినచో నకలునకుఁ బాతచరిత్రము రాదు. చదువుటకు మాత్రమే యనుమతి గలవారి కది కనఁబడదు.

తెలుఁగునకుఁ బ్రత్యేకమైన చిక్కులు కొన్ని కలవు. 1991 నాఁటి యూనికోడు తొలికూర్పునుండియుఁ దెలుఁగు లిపి యందుఁ జేరియున్నది. దంత్యములైన చ, జలకుఁ బ్రత్యేకాక్షరములు 2008లోఁ జేరెను; నకారపుఁ బొల్లునకు 2021లోఁ గాని స్థానము దొరకలేదు. అరసున్నయు శకటరేఫమును మొదటినుండియు నున్నను, వానిని వ్రాయు నలవాటు లేనివారు పనిలోఁ జేరినప్పుడు మెల్లమెల్లగా నవి జాఱిపోవును. 'వాఁడు' 'వాడు' అగును. 'మఱి' 'మరి' యగును. దిద్దినవాఁడు దోషము చేసితి నని యనుకొనఁడు, అచ్చుతప్పు సవరించితి ననుకొనును. తెలిసినవాఁడు మరల దిద్దును. రెండవనాఁడు మరల జాఱును. అర్ధానుస్వార మెచ్చట నుండవలెనో సిద్ధాంతమున నెఱిఁగినవాఁడు ప్రతిలో లేనిచోట నుంచుటయు నింతకంటెఁ దక్కువ యపరాధము గాదు. ఇఁక వెదకుటలో యంత్రమునకుఁ 'దలఁపు' వేఱు, 'తలపు' వేఱు. కంటికిఁ గనఁబడని సంయోగనిరోధకచిహ్న మొకటి పదమధ్యమునఁ జొరఁబడినచో, చూపున కొక్కటిగా నున్న రెండు మాటలను యంత్రము భిన్నములని చెప్పును. పాఠముల పోలికను యంత్రమునకు విడుచువారు పని మొదలిడకమున్నే యీ విషయమున నొక్క కట్టుబాటునకు రావలెను. అచ్చుకూటములలోఁ బాతుకొనిపోయిన యూనికోడేతర లిపులలోఁ గూర్చిన గ్రంథమును మార్పక యతికించినచో నర్థము లేని గుర్తులే మిగులును. దానిని గూర్చి విస్తరింపఁబనిలేదు.

పై దోషములకుఁ జాలవఱకుఁ బ్రతిక్రియను దెలుఁగు వికీసోర్సునందుఁ జూడవచ్చును. 2005 నుండి నడచుచున్న యీ గ్రంథాలయమునఁ బాత యచ్చుపుస్తకపుఁ బుటయొక్క ఛాయాచిత్ర మొకప్రక్కను, దాని వ్రాఁత రెండవప్రక్కను నుండును. అచ్చు దిద్దని పుట కెఱుపురంగు, ఒకరు దిద్దినదానికిఁ బసుపు, రెండవవా రామోదించినదానికి నాకుపచ్చ. పసుపు చేసినవారే యాకుపచ్చ చేయుటకు యంత్ర మనుమతింపదు. తన తప్పు తనకుఁ గనఁబడదను ననుభవము నియమమై కూర్చున్నది. అంతకంటె ముఖ్యమైనది ఛాయాచిత్రము. వివాదము వచ్చినప్పుడు 'నాకిట్లు తోఁచినది' యనుటకుఁ దావు లేదు. పుట యెదుటనే యున్నది. ఈ గ్రంథాలయమును బడిపిల్లల యాటగాఁ దలఁచు పండితులతో నేను విభేదింతును. అయితే యచ్చట జరుగునది యొక్క ముద్రితప్రతికిఁ బ్రతిబింబమును దయారు చేయుటయే గాని, పలు ప్రతులనుండి పాఠమును నిర్ణయించుట కాదు. మన పని యందుకంటె నొక మెట్టు పైది.

అందులకుఁ బూనావారి గళ్ల పత్రమే నేఁటికిని దారి చూపును. ఉమ్మడి పత్రములలో వచనము వ్రాయునవి, గళ్లు గలవి యని రెండు తెగలు కలవు. పాఠసంకలనము రెండవదానిలోనే చేయవలెను. పాదమును బదములుగా విడఁగొట్టి పదమున కొక యడ్డువరుస నిచ్చి, ప్రతి కొక నిలువువరుస నీయవలెను. అక్షరమున కొక గడి యనుట యంత్రమున దుస్సాధ్యము గాదు గాని చూపునకుఁ గష్టము. ఇందొక మెలఁకువ కలదు. వచనపత్రమునందు వలెఁ గాక, యొక్క గడిలో నిద్దఱు వ్రాసినచో గళ్ల పత్రము వారి వ్రాఁతలను గలుపదు. కడపట వ్రాసినవానిదే నిలుచును. కాఁబట్టి యొక్క నిలువువరుసకు నొక్కరినే యధికారిఁ జేసి, యితరులు దానిని ముట్టకుండ రక్షణ యేర్పఱుపవలెను; ఆ సౌకర్యము యంత్రముననే యున్నది. తాళపత్రపుఁ బటముయొక్క సంఖ్యను జివరి వరుసలో వేయవలెను. ప్రతిలో నున్నది తప్పని తెలిసినను దప్పుగానే యెక్కింపవలెను. ఇట్లు చేసినచోఁ గాకినాడ లేఖకుఁడు హైదరాబాదు లేఖకుని పాఠమును జెఱుపుట యసంభవము.

నిర్ణీతపాఠము మాత్రము వచనపత్రమున నుండవచ్చును. దానిని సూటిగా దిద్దు నధికారము సంపాదకున కొక్కనికే యుండవలెను. తక్కినవారు సూచనమార్గమున, అనఁగా 2014లో గూగులు పత్రములలోఁ జేరిన సౌకర్యముచేత, తమ పాఠమును జూపవలెను. అప్పుడు పాతమాట కొట్టివేఁతగీఁతతో నిలిచియే క్రొత్తమాట రంగుతోఁ గనఁబడును. ప్రక్కన హేతువును వ్రాయుటకుఁ దావుండును. హేతువు లేని సూచనను జూడకయే త్రోసివేయుట మేలు. 'ఈ పాఠము బాగున్నది' యనుట హేతువు గాదు. త్రోసివేసిన సూచన కంటియెదుటనుండి తొలఁగును గనుక, దానిని ముందుగాఁ బాఠభేదపట్టికలోని కెక్కించుకొనవలెను.

ఇచ్చట నొక లోకరీతిని జెప్పక తప్పదు. తెరమీఁద నెవరు వ్రాయుచున్నారో వారి పేరు వారి గీఁటుప్రక్కనే కదలుచుండును. గురువుగారి పేరు పద్యముమీఁద నిలిచియుండఁగా శిష్యుఁడు దానిని దిద్ద సాహసింపఁడు. ఆయన పోవుదాఁక వేచియుండి పిదప మెల్లగా దిద్దును, లేదా యూరకుండును. ఒక్క గదిలోఁ గూర్చున్నప్పుడు గురువు కనుబొమ్మను జూచి సందేహమును బయటఁబెట్టవచ్చును. ఇందా వీలు లేదు. యంత్ర మందఱికి నొక్క యధికార మిచ్చినంతమాత్రమున నందఱును సమాను లగుదురను భ్రాంతి పనికిరాదు. వారమున కొకమాఱు మాటలాడుకొని సందిగ్ధపాఠములను జదివి వినిపించుట యిప్పటికిని వలయును. పద్యము చెవిని బడినప్పుడు తెలియు దోషములు కొన్ని తెరమీఁదఁ దెలియవు.

ఇఁకఁ బత్రమునకు యజమాను లెవరను ప్రశ్న. పదుగురు వ్రాసినను బత్ర మొక్కరి ఖాతాలో నుండును. ఆ యొక్కరు దానిని దొలఁగించినచో నందఱికిని దొలఁగును. గూగులువారు 2023లోఁ బ్రకటించిన నియమము ననుసరించి, రెండేండ్లు వాడుకలేని వ్యక్తిగతఖాతాలు వాని యందలి పత్రములతోఁ గూడఁ దొలఁగింపఁబడవచ్చును. వృద్ధుఁడైన సంపాదకుఁడు స్వర్గస్థుఁడైనచోఁ గుటుంబమువారికి ఖాతా సంగతియే తెలియక పోవచ్చును. చెదలు తాళపత్రమును దినినను, తినఁగా మిగిలిన ముక్కలైనను జిక్కవచ్చును. ఇచ్చట ముక్కయు మిగులదు. కాఁబట్టి పత్రము వ్యక్తిపేర గాక సంస్థపేర నుండవలెను, సంస్థలో నిద్దఱికైనఁ దాళపుఁజెవి యుండవలెను. పరిమాణమును జూచుకొనవలెను: గూగులు వచనపత్ర మొక్కటి 10 లక్షల 20 వేల యంశములకు మించి పట్టదు, గుణితపుఁ గొమ్ములును వత్తులును సైతము వేఱువేఱంశములుగానే లెక్కకు వచ్చును గాన, కవిత్రయభారత మందు నిముడదు. పర్వమున కొకటియో, యాశ్వాసమున కొకటియో యేర్పఱుచుకొనవలెను. ఒక్కొక్క యాశ్వాసము ముగిసినతోడనే నిర్ణీతపాఠమును, గళ్ల పత్రమును, హేతువులతోఁ గూడిన సూచనలను దించుకొని, సంస్థవారి కంప్యూటరునందు నొక ప్రతియు, మంచి కాగితముమీఁద ముద్రించి బీరువాలో నొక ప్రతియు నుంచవలెను. ఆ కాగితపుఁ బ్రతిమీఁద, ముద్రించిన తేదీయు, నా యాశ్వాసమునఁ బనిచేసినవారందఱి పేళ్లును, ఎవరెవ రేయే ప్రతిని జదివిరో యా వివరమును వ్రాసియుంచవలెను.